నొప్పి తెలియని కాలు

ఆ రోజు మంగళవారం, గంగమ్మకు అంబలి పోసే రోజు. మా ఇంటికి చుట్టాలు పాతికమందికి తక్కువ రారు. పుంగనూరు నుంచి ఆటోలో అరగంట పోతే మా పల్లె. నా పేరు రెడ్డెమ్మ, వయసు యాభై ఒకటి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ రోజు సంగటి గెలికేది నేనే, ఇంకొకరి చేతికి కట్టె ఇచ్చింది లేదు. ఏడో తరగతితో బడి మానేసిన దాన్ని కాబట్టి ఇదంతా నేను చెబుతుంటే మా అమ్మాయి హేమ రాస్తోంది. హేమ కుప్పంలో లెక్కల టీచరు. మధ్యమధ్యలో నా మాటలు దిద్దబోయింది. నేను ఊరుకోలేదు. కాలు నాది, కథా నాదే అన్నాను.

సంగటి గెలకడం చూడని వాళ్ళ కోసం చెబుతాను. నూకలు ఉడికిన తర్వాత రాగిపిండి పోసి మగ్గనిస్తాం. తపేలాను పొయ్యి మీద నుంచి దించి, పొగలు కక్కుతుండగానే కట్టెతో గట్టిగా గెలకాలి. పాతికమంది సంగటంటే మాటలు కాదు, తపేలా గింగిరాలు తిరుగుతుంది. అందుకని పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, రెండు పాదాలతో తపేలాను అటూ ఇటూ అదిమి పట్టుకుంటాం. కాలకుండా పాదానికీ తపేలాకీ మధ్య తడిపిన గోనెసంచి మడత పెట్టుకుంటాం. మా అత్త అట్లాగే చేసింది, వాళ్ళ అత్తా అట్లాగే చేసింది.

ఆ రోజు ఎడమ కాలి వైపు గోనెసంచి జారిపోయింది. నాకు తెలియలేదు. చుట్టాలతో మాట్లాడుతూ, నవ్వుతూ గెలుకుతున్నాను. కాసేపటికి ఏదో మాడిన వాసన వచ్చింది.

"సంగటి అడుగంటింది. మంట ఎవురు పెద్దది చేసిండేది?" అని పొయ్యి దగ్గరున్న కదిరమ్మను కసిరాను. కదిరమ్మ మా పక్కింటామె, పాపం ప్రతి ఏడూ సాయానికి వచ్చి నా చేత తిట్లు తింటుంది.

మా అత్త గడపలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది. ఆమె ముందు నా కాలు చూసింది. "ఓమ్మా! సంగటి కాదే రెడ్డెమ్మా, కాలుతాండేది నీ కాలే!" అని కేక పెట్టింది.

దిగ్గున కాలు తీశాను. చిటికెన వేలి నుంచి మడమ దాకా పాదం పక్కభాగమంతా ఎర్రబడి, నడుమ తోలు తెల్లగా పాలిపోయి ఉంది. వంటింట్లో అందరూ నా ముఖమే చూస్తున్నారు, ఇప్పుడు ఏడుస్తుంది, ఇప్పుడు ఏడుస్తుంది అని. నాకు ఏడుపు రాలేదు. నొప్పి ఉంటే కదా ఏడ్చేది!

కదిరమ్మ నీళ్ళ చెంబు ఎత్తింది. "కాలిన దాని మీద నీళ్ళు పోస్తే బొబ్బలెక్కుతాది, ఉండు" అని మా అత్త ఆపేసి, ఆముదంలో పసుపు కలిపి పూసింది. గంగమ్మ పటం దగ్గరి కుంకుమ కూడా కాస్త అద్దింది.

"మంటగా లేదా అక్కా?" అంది కదిరమ్మ.

"చీమ కుట్టినట్టు కూడా లేదమ్మే."

కదిరమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. "అమ్మోరు నీ మీదనే ఉండాది. లేకుంటే ఇంత కాలితే మనిషి ఇట్ల నిలబడతాదా?"

నిజం చెప్పొద్దూ, నాకు గొప్పగా అనిపించింది. దేవుణ్ణి నమ్మిన దానికి ఇంతకంటే ఏం కావాలి? నిమ్మళంగా మళ్ళీ పీట మీద కూర్చుని సంగటి పూర్తిగా గెలికాను, ముద్దలు చేశాను, కోడి పులుసుతో అందరికీ వడ్డించాను. ఎండ తగ్గకముందే అంబలి కుండ నెత్తిన పెట్టుకొని, చెప్పులు లేకుండా, తారు రోడ్డు మీద గుడి దాకా నడిచాను. పల్లెలో ఆడవాళ్ళు నా కాలు చూసి బుగ్గలు నొక్కుకున్నారు. మా ఆయన ఒక్కడే "ఆస్పత్రికి పోదాం పా" అని రెండుసార్లు అన్నాడు. "నొప్పే లేనప్పుడు ఆస్పత్రి యాల?" అన్నాను. ఆయన నాతో వాదించి గెలిచింది ఎప్పుడూ లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకు ఆరేళ్ళుగా సుగరు ఉంది. బిళ్ళలు ఇచ్చారు. నేను వాటిని తలనొప్పి బిళ్ళల మాదిరి వాడేదాన్ని, కళ్ళు తిరిగితే వేసుకునేది, తిరగకపోతే లేదు. అంతకుముందు వేసవిలో మా టమోటా తోట నుంచి ఇంటికి వచ్చి చూసుకుంటే ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది ఏ గెనిమ గట్టు మీద జారిపోయిందో తెలియదు, ఉత్త కాలితో ఎంత దూరం నడిచానో కూడా తెలియదు. ఇంట్లో అందరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆ నవ్వులో ఉన్న జబ్బు ఎవరికీ కనబడలేదు.

వారం రోజులు ఆముదం, పసుపు నడిచాయి. బొబ్బలు పగిలాయి, నీరు కారింది, నాకు మాత్రం నొప్పి లేదు. ఏడో రోజు పొద్దున మంచం మీద నుంచి లేవలేకపోయాను. ఎండాకాలంలో రెండు దుప్పట్లు కప్పుకున్నా వణుకు తగ్గలేదు. మా ఆయన నాతో చెప్పకుండానే హేమకు ఫోన్ చేశాడు. అది కుప్పంలో బస్సెక్కి మధ్యాహ్నానికల్లా వచ్చింది. గడప దాటగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ వాసన మాకు అలవాటైపోయింది.

కట్టిన గుడ్డ విప్పి చూసింది. చిటికెన వేలు నేరేడుపండు రంగులో ఉంది.

"నాయనా, ఆటో పిలువు. ఇప్పుడే."

"దానికేమి లేమ్మా, గంగమ్మ..." అని మొదలుపెట్టాను.

"గంగమ్మను నేను మాట్లాడుకుంటా గానీ, నువ్వు లే ముందు" అంది హేమ. పిల్లల్ని గదమాయించే గొంతు అది. లేచాను.

పుంగనూరులో డాక్టరమ్మ వేలికొసన సూదితో గుచ్చి రక్తం చూసింది. సుగరు నాలుగు వందలు దాటి ఉంది. కాలు చూసి ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఎన్ని రోజులైంది?" "వారం మేడమ్." "వారమా!" అని ఊరుకుంది. డాక్టరు తిడితే ఫరవాలేదు, ఊరుకుంటేనే భయం. ఒక ఇంజెక్షను వేసి, చీటీ రాసి, మదనపల్లెలో సర్జన్ దగ్గరికి అటునుంచి అటే పొమ్మంది.

మదనపల్లె ఆసుపత్రిలో చేర్చుకున్నారు. చేతికి సెలైన్, ఇన్సులిన్, యాంటీబయాటిక్స్. పుండులో నుంచి చీము కల్చర్ పరీక్షకు తీసుకున్నారు, ఎక్స్‌రే తీశారు, కాలికి రక్తం బాగా పారుతోందో లేదో చూసేందుకు డాప్లర్ అనే పరీక్ష చేశారు. రక్తం బాగానే పారుతోందట. "అదొక్కటే ఇప్పుడు మనకు మంచి వార్త" అన్నారు సర్జన్ గారు. నలభై ఐదేళ్ళుంటాయి, నవ్వు తక్కువ, ఓపిక ఎక్కువ.

మరుసటి రోజు ఆయన ఒక నైలాన్ దారం లాంటిది తెచ్చారు. మోనోఫిలమెంట్ పరీక్ష అన్నారు. "కళ్ళు మూసుకోమ్మా. పాదానికి తగిలినప్పుడల్లా తెలుస్తోందని చెప్పాలి."

కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ లేదు. ఇంకా మొదలుపెట్టలేదేమో, మొహమాటపడుతున్నారేమో అనుకొని, "కానీండి సార్, నాకేం భయం లేదు" అన్నాను.

"ఎడమ కాలు అయిపోయిందమ్మా" అన్నారు ఆయన. "పది చోట్ల నొక్కాను."

కళ్ళు తెరిచాను. మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. హేమ నా చెయ్యి పట్టుకుంది.

"సార్, అమ్మ దయతో నాకు నొప్పి రాలేదు అనుకుంటాండాను" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"నొప్పి తెలియకపోవడం దయ కాదమ్మా. దీన్ని న్యూరోపతి అంటారు. సుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయి. నొప్పి తెలిసి ఉంటే ఆ తపేలా నుంచి కాలు అప్పుడే లాక్కునేవాళ్ళు. వారం రోజులు ఇంట్లో ఉండేవాళ్ళూ కాదు. మీ ఓపిక గొప్పదే. కానీ అందులో సగం మీది కాదు, చచ్చిన నరాలది."

ఆయన పోయిన తర్వాత నాకు గంగమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. నీ కోసం వండుతుంటేనే కదా కాలింది! నీ దయ అనుకునే కదా ఊరంతా ఊరేగాను! అంత సిగ్గు నా జన్మలో పడలేదు. ఊళ్ళో అందరి ముందూ నేను చూపించుకున్న ఆ నిబ్బరం నాది కాదు, జబ్బుది.

డ్రెస్సింగ్ చేసే సిస్టర్ సుగుణ వెంకటగిరికోట వైపు పిల్ల. మెడలో చిన్న సిలువ. నా గొణుగుడు రెండు రోజులు విని, మూడో రోజు కట్టు విప్పుతూ అడిగింది. "ఎవురి మీదమ్మా కోపం?"

"మా గంగమ్మ మీద."

"నేనూ దేవుణ్ణి నమ్మేదాన్నే" అంది పుండు తుడుస్తూ. "దేవుడు చేసేది దేవుడు చేస్తాడు. సుగరు బిళ్ళ మింగేది మాత్రం మనమే మింగల్ల. ఆయన వచ్చి మీ నోట్లో వేయడు గదా."

నవ్వొచ్చింది. వారం తర్వాత వచ్చిన మొదటి నవ్వు. మా అత్తకు ఫోన్‌లో ఈ మాట చెబితే, "ఆ పిల్ల ఎవురోగానీ మంచిదే. నువ్వు బిళ్ళలు డబ్బాలో దాచుకొని గంగమ్మను తిడితే ఆయమ్మ ఏం చేస్తాది?" అంది. సొంత అత్త కూడా అట్లా అనేసరికి నా కోపానికి నిలబడే చోటు లేకుండా పోయింది.

పుండులో చెడిపోయిన కండ తీసేశారు, డిబ్రైడ్‌మెంట్ అంటారు. అయినా జ్వరం పూర్తిగా దిగలేదు. ఐదో రోజు సర్జన్ గారు ఎక్స్‌రే ఎత్తి పట్టుకొని మా ముగ్గురికీ చూపించారు. చిటికెన వేలి ఎముకకు ఇన్ఫెక్షన్ పాకింది. ఆస్టియోమైలైటిస్. ఈ పేరు పలకడం నాకు నేర్పేసరికి హేమ తల ప్రాణం తోకకొచ్చింది.

"వేలు ఎలాగూ తీసేయాలి. దాని వెనక ఎంత దూరం పోయిందో లోపల చూస్తేగానీ తెలియదు. అవసరమైతే పాదం ముందు సగం తీయాల్సి రావచ్చు. రెండింటికీ కలిపి సంతకం కావాలి."

మా ఆయన కాగితం పట్టుకొని వరండాలోకి పోయాడు. ఎంతసేపటికీ రాలేదు. హేమ పోయి చూస్తే, మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడట. ముప్పై ఏళ్ళలో ఆయన ఏడవడం నేను చూడలేదు, అప్పుడూ చూడలేదు. కాగితం నేనే తెప్పించుకున్నాను.

అప్పుడు మాత్రం నాకు భయం వేసింది. గుండె దడదడా కొట్టుకుంది. పాదం సగం పోతే తోటలో గెనిమ మీద నడిచేదెట్లా, నీళ్ళు కట్టేదెట్లా, ఒకరి మీద ఆధారపడి బతికేదెట్లా? ఈ భయం మధ్యలోనే కళ్ళు మూసుకొని గంగమ్మను తలచుకున్నాను. ఈసారి గొప్పలు లేవు. "అమ్మా, నాకు భయంగా ఉండాది. ఈ డాక్టరు చెయ్యి తడబడకుండా సూడు. ఏమి మిగిలిస్తే దాంతో నడుస్తాను." అంతే అడిగాను. గుండె కొట్టుకుంటూనే ఉంది, కానీ మనసు కుదుటపడింది. సంతకం చేశాను. నా సంతకాలన్నిటిలోకీ అదే బాగుందని హేమ అంటుంది.

నడుముకు ఇంజెక్షను ఇచ్చారు కాబట్టి ఆపరేషన్ జరుగుతుంటే నాకు మెలకువే. ఎదురుగా పచ్చ గుడ్డ అడ్డం కట్టారు. గుడ్డకు అవతల ఏమవుతోందో చూడలేను, ఊరుకోనూ లేను.

"సార్, అయిందా?"

"మీరు మాట్లాడకుండా ఉంటే తొందరగా అవుతుందమ్మా."

కాసేపు ఊరుకున్నాను. "సార్, వేలు తీసేసినారా? యాడ పెట్టినారు?"

"ల్యాబుకు పంపిస్తాం."

"దానికి గోరింటాకు పెట్టినాను సార్ అంబలి రోజుకని. బాగా పండింది. సూడండి, గోరు ఇంకా ఎర్రగా ఉంటాది."

గుడ్డ అవతల సిస్టర్ కిసుక్కున నవ్వింది. నవ్వు తక్కువ అన్నానే, ఆ సర్జన్ గారు కూడా నవ్వేశారు. "పండిందమ్మా, బాగా పండింది" అన్నారు. ఆ తర్వాత, నేను అడగకముందే, "ఒక్క వేలుతో సరిపోయింది. పాదం ఉంది" అన్నారు.

నేను చిన్నప్పుడు తిరునాళ్ళలో తప్పిపోయి దొరికినప్పుడు మా అమ్మ ఎట్లా ఏడ్చిందో, అట్లా ఏడ్చాను. ఎంత సంతోషమంటే పక్కనున్న మత్తు డాక్టరు చెయ్యి పట్టుకొని ముద్దు పెట్టుకున్నాను. ఆయన ఎవరో ఇప్పటికీ తెలియదు.

పద్దెనిమిది రోజులకు ఇంటికి పంపారు. పంపేటప్పుడు ఎం.సి.ఆర్. చెప్పులు చేయించి ఇచ్చారు, అడుగున మెత్తగా, మడమకు పట్టీతో. "ఇంట్లో కూడా వీటితోనే నడవాలి. ఒక్క అడుగు కూడా ఉత్త కాలితో వద్దు" అని మరీ మరీ చెప్పారు. నేను తల ఊపాను. ఇంటికి రాగానే వాటిని విప్పి వాకిట్లో పెట్టాను. చెప్పులతో ఇంట్లోకి ఎవరు పోతారండీ? దేవుడున్న ఇల్లు, పొయ్యి ఉన్న ఇల్లు. బయట వేసుకుంటే చాలదా అనుకున్నాను.

పదో రోజు వంటింట్లో గచ్చు మీద ఎర్రటి మరకలు కనబడ్డాయి. "ఎవురే టమోటా తొక్కి ఇల్లంతా పూసిండేది?" అని అరిచాను. ఎవరూ తొక్కలేదు. మరకలు నా వెనకే వచ్చాయి. కుట్ల దగ్గర విచ్చుకొని, పుండు మళ్ళీ నోరు తెరిచింది.

సర్జన్ గారు ఈసారి తిట్టారు. బాగా తిట్టారు. నాకు ఊపిరి వచ్చింది, తిడుతున్నారంటే ఇంకా మించిపోలేదన్నమాట. ఇంకోసారి ఇట్లా అయితే కాలు ఇంకా పైదాకా తీయాల్సి వస్తుందన్నారు. హేమ సెలవు పెట్టి నన్ను కుప్పం తీసుకుపోయింది, "మీ వంటింటికి నువ్వు ఆర్నెల్లు పోకపోతే కొంపలేం మునగవు" అని. మా అత్త కూడా వెంట వచ్చింది. కోడలిని ఒక్కదాన్నే మనవరాలి చేతికి వదిలిపెట్టే రకం కాదు ఆమె.

కుప్పంలో మొదటి రోజే గొడవ. హేమ చెప్పులు తెచ్చి నా కాళ్ళకు తొడిగి వంటింట్లోకి నడిపించింది. మా అత్త విసురుగా బయటికి పోయింది. "చెప్పులు తిరిగిన వంటింట్లో నేను నీళ్ళు కూడా తాగను" అని వరండాలో కూర్చుంది. సాయంత్రం దాకా కూర్చుంది. హేమ బతిమాలలేదు. డ్రెస్సింగ్ చేసే వేళకు, "అవ్వా, ఒకసారి వచ్చి ఈ దూది పట్టుకుంటావా? నాకు రెండు చేతులు చాలడం లేదు" అని పిలిచింది. అంతే. మా అత్త వచ్చింది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె నా పుండును కట్టు మీదుగానే చూసింది. వేలు ఉండవలసిన చోట గుంటను చాలాసేపు చూసింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి నా చెప్పులు మంచం దగ్గర లేవు. చూస్తే వంటింటి గడప మీద ఉన్నాయి. సబ్బు పెట్టి కడిగి, తుడిచి, వాటి పట్టీలకు గడపకు పెట్టినట్టు పసుపు, కుంకుమ పెట్టి ఉంది.

"ఏంది అత్తా ఇది?"

"అవి చెప్పులు కాదు, మందు" అంది మా అత్త, కాఫీ కలుపుతూ, నా వైపు చూడకుండా. "మందు వంటింట్లోకి రాకూడదని యాడా రాసి లేదు. తొడుక్కో."

కుప్పంలో తొమ్మిది వారాలున్నాను. వేళకు ఇన్సులిన్, వేళకు తిండి. సంగటి ముద్ద పెద్దదల్లా నిమ్మకాయంత అయింది, పక్కన ఆకుకూర కొండంత అయింది. పదిహేను రోజులకొకసారి మా ఆయన కారు మాట్లాడుకొని వచ్చి నన్ను మదనపల్లెకు చూపించుకొచ్చేవాడు. పుండు అంచుల నుంచి పూడుతూ వచ్చింది.

నాలుగోసారి పోయినప్పుడు సంగతి ఇది. సిస్టర్ సుగుణ కట్టు విప్పి, పాదం పక్కన అంటుకున్న పాత గుడ్డ ముక్క లాగింది.

"అబ్బా!" అని అరిచాను.

సుగుణ బెదిరిపోయి రెండు చేతులూ పైకెత్తింది. మా ఆయన ముందుకు దూకాడు. "మెల్లగా తీయమ్మా! మనిషి గాదా ఆయమ్మ?" అని గద్దించాడు. సుగుణ నా ముఖం చూస్తోంది, నేను సుగుణ ముఖం చూస్తున్నాను. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

"అమ్మా, నొప్పి పుట్టిందా?"

"పుట్టింది. సుర్రుమనింది. ఇంకోసారి లాగు సుగుణా!"

మా ఆయనకు నేను పిచ్చెక్కి మాట్లాడుతున్నాననే అనిపించింది. సుగుణ లాగింది. మళ్ళీ సుర్రుమంది. నేను మంచం మీద కూర్చుని నవ్వుతూ, ఏడుస్తూ, "ఇంకోసారి, ఇంకోసారి" అంటున్నాను. పక్క మంచాల వాళ్ళు తలలు ఎత్తి చూస్తున్నారు. సర్జన్ గారు ఏమైందోనని పరుగున వచ్చారు. నైలాన్ దారం తెప్పించి నన్ను కళ్ళు మూసుకోమన్నారు. ఈసారి మూడు చోట్ల చెప్పాను. పాదం పక్కన రెండు, మడమ మీద ఒకటి.

"సుగరు అదుపులోకి వస్తే కొందరికి కొంత తిరిగి వస్తుంది. అంతా రాదమ్మా, ఆశపెట్టను" అన్నారు. "పాదం ముందు భాగం ఇంకా మొద్దుగానే ఉంది. వచ్చిన కాడికి సంతోషపడండి, రాని దాన్ని కాపాడుకోండి."

సంతోషపడమని చెప్పాలా! మా ఆయన బజారుకు పోయి అర కేజీ జిలేబీ తెచ్చి వార్డంతా పంచాడు. నాకు మాత్రం పెట్టలేదు. వాసన చూడనిచ్చాడు. భార్యకు నొప్పి పుట్టిందని స్వీట్లు పంచిన మొగుణ్ణి మదనపల్లె అంతకుముందు చూసి ఉండదు.

ఇదంతా జరిగి ఏడాదిన్నర అయింది. ఇప్పుడు మా పల్లెలోనే ఉన్నాను. తోటకు పోతాను, గెనిమ మీద నడుస్తాను, కాస్త కుంటు ఉంది గానీ మా ఆయన కంటే వేగంగానే నడుస్తాను. సంగటి గెలకడం మానలేదు. తపేలా కదలకుండా పట్టుకునే ఇనుప స్టాండు ఒకటి పుంగనూరులో వెల్డింగ్ చేయించుకున్నాం. కాళ్ళు ఇప్పుడు తపేలాకు మూరెడు దూరం. కదిరమ్మ కూడా అట్లాంటిదే చేయించుకుంది, ఊళ్ళో ఇంకా నలుగురు చేయించుకున్నారు. ఎవరికైనా కాలితే పసుపు, ఆముదం కాదు, ముందు పావుగంటకు పైగా చన్నీళ్ళ ధార కింద పెట్టి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పరుగెత్తండని నేనే అందరికీ చెబుతున్నాను. పూజ మానలేదు. నొప్పి లేకుండా చూడు తల్లీ అని మాత్రం మొక్కుకోను. ఏదైనా వస్తే తెలిసేట్టు చెయ్యి తల్లీ అని మొక్కుకుంటాను.

సుగరున్న వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. రోజుకొకసారి మీ పాదాలు చూసుకోండి. పైన, కింద, వేళ్ళ సందుల్లో. చెప్పుల లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి. వంగలేకపోతే ఇంట్లో వాళ్ళకు చూపించండి, సిగ్గుపడొద్దు. మా ఇంట్లో ఆ పని మా ఆయనది. మొదట్లో మా అత్త "మొగుడు పెళ్ళాం కాళ్ళు పట్టుకునేదేందమ్మా, పాపం తగులుతాది" అని చెంపలేసుకునేది. ఇప్పుడు ఆమే అద్దాలు తెచ్చి కొడుకు ముక్కు మీద పెడుతుంది, "సరిగ్గా సూడు, వేళ్ళ సందుల్లో సూడు" అని.

మొన్న పొద్దున ఎప్పటిలాగే పీట మీద కూర్చుని ఆయన ఒళ్ళో కాలు పెట్టాను. ఆయన పాదం తిప్పి తిప్పి చూసి, చెప్పు తీసి లోపల తడిమి, ఆగిపోయాడు. అడుగు నుంచి ఒక మేకు లోపలికి పొడుచుకొచ్చి ఉంది. నా పాదానికి వేళ్ళ కింద తోలు మీద చిన్న నొక్కు, ఇంకా చిట్లలేదు. ముందు రోజంతా నేను ఆ చెప్పులతోనే తిరిగాను. నాకేమీ తెలియలేదు. ఇంకో రోజు నడిచి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు.

నేనే అడిగాను. "ఏమయ్యా, దీన్ని గంగమ్మ సూపించిందా, నువ్వు సూసినావా?"

ఆయన పటకారుతో మేకు పీకి, అరచేతిలో పెట్టుకొని నాకు చూపించాడు.

"ఇద్దరమూ సూసినాం లే. ఆ రెండో కాలు ఇట్లియ్యి."